బస్సుల రీకాల్: ప్రయాణికుడి మాట వినేదెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

ఎయిర్‌బ్యాగ్ బాగాలేదనో, ఫ్యూయల్ పంపులో లోపం ఉందనో కంపెనీలు వేల కార్లను వెనక్కి పిలిచిన వార్తలు మీ పత్రికలో తరచూ చదువుతుంటాం. 2022 ఏప్రిల్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్లు వరసగా అంటుకుంటే ఒకినావా 3,215, ఓలా 1,441 బండ్లను పిలిపించి పరీక్షిస్తామన్నాయి. రాత్రంతా జనాన్ని పడుకోబెట్టుకుని పోయే స్లీపర్ బస్సుల విషయంలో మాత్రం ఆ మాట ఎప్పుడో గానీ వినపడదు. ఎందుకని అడగడానికే ఈ లేఖ. నేను కర్నూలులో బండ్లకు వైరింగ్ పని చేసి బతికినవాణ్ణి కాబట్టి, కొంచెం పనివాడి కోపం కూడా ఇందులో ఉంటుంది, మన్నించాలి.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున మన ఊరి పక్కన చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు కాలిపోయింది. బస్సులోని 19 మంది, బైకు మీద వచ్చిన యువకుడు చనిపోయారు. ఆ మంట వైరింగులో పుట్టింది కాదు. అప్పటికే రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు ఈడ్చుకుపోవడంతో నిప్పు రేగిందని పోలీసులు చెప్పారు. అంతకు పది రోజుల ముందు రాజస్థాన్‌లో జైసల్మేర్ దగ్గర కాలిపోయిన ఏసీ బస్సు సంగతి వేరు. అక్కడ మొదటి నుంచీ షార్ట్ సర్క్యూట్ మీదే అనుమానం. మంట ఎక్కడ పుట్టినా లోపల అది పాకే తీరు ఒకటే. ఫోము, రెగ్జిన్, కర్టెన్లు, ప్లైవుడ్. మనిషిని మంట కంటే ముందు పొగే పడగొడుతుంది.

షార్ట్ సర్క్యూట్ అనే మాట మనవాళ్లు పిడుగు పడినట్టు చెబుతారు. అదేమీ పైనుంచి ఊడిపడేది కాదు. కంపెనీ నుంచి చాసిస్, అంటే ఇంజను, చక్రాలతో ఉండే అడుగు చట్రం, వచ్చేటప్పుడు దానికి లెక్క ప్రకారం వైరింగు ఉంటుంది. బాడీ కట్టేచోట దానిమీద ఏసీ, టీవీ, బెర్తుకొక చార్జింగ్ పాయింటు, రంగురంగుల లైట్లు ఎక్కుతాయి. బస్సు చేతులు మారినప్పుడల్లా కొత్త ఓనరు ముచ్చటకు ఇంకొన్ని. వీటిలో చాలా వాటికి బ్యాటరీ నుంచి డైరెక్ట్ లైను లాగుతారు. వెయ్యి వాట్ల ఇన్వర్టరు 24 వోల్టుల బ్యాటరీ నుంచి 40 ఆంపియర్ల పైనే లాగుతుంది. ఇంట్లో అన్నే వాట్ల ఇస్త్రీ పెట్టెకు నాలుగైదు ఆంపియర్లు చాలు. అంత కరెంటు మోయాల్సిన తీగ సన్నంగా ఉన్నా, తీగ కొసను బిగించే లగ్గు లూజుగా ఉన్నా ఆ చోట వేడి పుడుతుంది. ఫ్యూజు ఉంది కదా అంటారు. ఎక్కువ కరెంటు పోతే ఫ్యూజు కొట్టేస్తుంది గానీ, లూజు జాయింటు దగ్గర కాగుతున్న వేడి దానికి తెలియదు. పైగా 20 ఆంపియర్లది మాటిమాటికీ పోతోందని 40ది వేసేవాళ్లున్నారు, అదీ దొరక్కపోతే రాగి తీగ చుట్టేవాళ్లూ ఉన్నారు. రేకుకు రంధ్రం వేసి రబ్బరు బుష్ లేకుండానే తీగ దూరుస్తారు. గతుకుల్లో ఆ అంచు తీగ మీది తొడుగును రోజూ కొంచెం కొంచెం కొరుకుతూ ఉంటుంది. ఇదంతా ప్యానెల్ వెనక జరిగే పని, బయటికి బస్సు పెళ్లికూతురిలా మెరుస్తూనే ఉంటుంది.

ఇక చట్టం. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 110ఏ అనే సెక్షను పెట్టారు. లోపం ఉన్న బండ్లను వెనక్కి పిలవమని కేంద్రం ఆదేశించవచ్చు, కంపెనీ సొంత ఖర్చుతో బాగుచేయాలి, లేదా మార్చాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల్లో 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా కూడా ఉంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఫిర్యాదుల లెక్క నడిచేది బండి ఓనర్లు ఇచ్చినవాటి మీద. అమ్మిన బండ్లలో ఇంత శాతం ఓనర్లు చెబితే అప్పుడు విచారణ. ప్రైవేటు బస్సు ఓనరు తన బస్సులో లోపం ఉందని తానే రాసి, బండి షెడ్డులో పెట్టుకుని, రాత్రి కలెక్షన్ పోగొట్టుకుంటాడా? వైరు కాలిన వాసన ముందు తగిలేది పై బెర్తులో పడుకున్న ఆడబిడ్డకు, లేదంటే క్లీనరు కుర్రాడికి. వాళ్లు చెబితే డ్రైవరు ‘ఏసీ వాసనమ్మా, పడుకో’ అంటాడు. తెల్లారి డ్రైవరు ఓనరుకు చెబితే టేపు చుట్టించి సాయంత్రానికి మళ్లీ పంపిస్తారు. సంగతి అక్కడితో సమాప్తం.

రెండో లొసుగు ఏడేళ్ల గీత. తయారై ఏడేళ్లు దాటిన బండికి ఈ రీకాల్ నిబంధన వర్తించదు. చిన్నటేకూరులో కాలిన బస్సు 2018 నాటిది. మొదట డామన్ డయ్యూలో రిజిస్టరై తర్వాత ఒడిశాకు మారింది. సీట్ల బస్సుగా అనుమతి తీసుకుని బెర్తులు పెట్టారని కూడా అప్పట్లో వార్తలొచ్చాయి. వయసు పెరిగి, ఊళ్లు మారి, లోపల అమరికే మారిపోయిన ఇలాంటి బస్సులకే కదా తనిఖీ ఎక్కువ కావాల్సింది! వాటినే చట్టం వదిలేసింది. సొంతంగా మార్పులు చేయించుకున్న ఓనరుకు వేరే సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా ఉంది. జైలు మాట నేనైతే ఎక్కడా వినలేదు. ఐదు వేలంటే పండగ సీజన్లో రెండు మూడు టికెట్ల డబ్బు.

పారిస్‌లో 2022 ఏప్రిల్‌లో ఒకే రకం ఎలక్ట్రిక్ బస్సులు ఒకే నెలలో రెండు కాలిపోయాయి. ఒక్కరికీ ఏమీ కాలేదు. అయినా అక్కడి రవాణా సంస్థ ఆ రకానివి 149 బస్సులను రోడ్డు మీద నుంచి తీసి పక్కన పెట్టింది. ప్రయాణికులు తిట్టుకున్నా సరే, కారణం తేలేదాకా ఆగమంది. మన దగ్గర ఒక బస్సు కాలితే అదే బాడీ బిల్డరు కట్టిన మిగతా బస్సులు ఆ రాత్రే ఎక్కడున్నాయో అడిగే నాథుడు ఉన్నాడా? కొన్నాళ్లు చెక్‌పోస్టుల దగ్గర హడావుడి చేసి, అద్దాలు పగలగొట్టే సుత్తి ఉందా లేదా అని చూసి, చలానాలు రాసి వదిలేస్తారు.

ఈ సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి. పీఎం ఈ-బస్ సేవ అనే కేంద్ర పథకం కింద కర్నూలు, కడప, అనంతపురాలకు కూడా ఎలక్ట్రిక్ బస్సులు మంజూరయ్యాయి. రావాలి, మంచిదే. అయితే ఆ పద్ధతిలో బస్సు ఆర్టీసీది కాదు, కిలోమీటరుకింత అని తీసుకునే కాంట్రాక్టరుది. కొన్నిచోట్ల బస్సు తయారుచేసిన గ్రూపు వాళ్లే ఆ కాంట్రాక్టరు కూడా. ఓనరు ఫిర్యాదు చేస్తేనే అంటే, తన సరుకు మీద తానే ఫిర్యాదు చేసుకోవాలన్న మాట!

కాబట్టి రవాణా శాఖను అడిగేది ఇది. డ్రైవరు, కండక్టరు, ప్రయాణికుడు, మెకానిక్ ఎవరు చెప్పినా ఫిర్యాదుగా లెక్కించాలని కేంద్రానికి రాయండి. బస్సులకు ఏడేళ్ల గీత తీసేయమనండి. అందాకా రాష్ట్రం చేతిలో ఉన్న పని చేయండి: బస్సు అంటుకున్న ప్రతిచోటా అగ్నిమాపక శాఖ రాసిన నివేదికలో చాసిస్ కంపెనీ పేరు, బాడీ కట్టిన షెడ్డు పేరు ఉండాలి, దాన్ని జనం చూసేలా పెట్టాలి. ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు వచ్చిన బస్సులో రెండు ప్యానెళ్లయినా విప్పి చూడమనండి. బ్రేకులు, లైట్లు చూసి ముద్ర వేస్తే వైరింగు చూసినట్టు కాదు. డ్రైవరు చేతికి అందేచోట బ్యాటరీ కరెంటును ఒక్కసారే ఆపేసే కటాఫ్ స్విచ్ లేని బస్సును ఎఫ్‌సీ ఇవ్వకుండా తిప్పి పంపండి.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవే అడుగుతూ అర్జీ ఇస్తున్నాను. రవాణా శాఖ ఇచ్చే జవాబు కాపీని మీకు పంపిస్తాను, వీలైతే ప్రచురించండి.

ఇట్లు,
ఒక పాత వైరింగ్ మెకానిక్,
బళ్లారి చౌరస్తా, కర్నూలు