ఫొటో సైజు తగ్గించే పని పోర్టల్‌కే అప్పగించండి: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను తెనాలిలో ఒక చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా చేసిపెడతాను. ఏదైనా ఉద్యోగ నోటిఫికేషన్ పడిందంటే కొత్త ఫొటో దిగేవాళ్ల కంటే, ఫోన్‌లో ఉన్న ఫొటో చూపించి “అన్నా, దీన్ని 50 కేబీ లోపు చేసిపెట్టు” అనేవాళ్లే మా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఆఖరి రోజున వాళ్ల టెన్షన్ చూడాలి. దరఖాస్తు ఫారాలు ఫొటో ఫైలుకు పెట్టే ఆ 50 కేబీ హద్దు గురించే ఈ లేఖ.

ముందే ఒక మాట చెప్పేస్తాను. 50 కేబీ తక్కువేమీ కాదు. పాస్‌పోర్ట్ సైజు ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు. దాన్ని ప్రింట్‌లో శుభ్రంగా రావడానికి సరిపడే 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన చూస్తే 413 పిక్సెళ్ల వెడల్పు, 531 పిక్సెళ్ల ఎత్తు కావాలి. అంటే సుమారు 2.2 లక్షల పిక్సెళ్లు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉన్న ముఖం ఫొటోను ఆ కొలతకు తెచ్చి జేపెగ్ అనే ఫొటో ఫార్మాట్‌లో వందకు 80, 85 క్వాలిటీతో సేవ్ చేస్తే 50 కేబీకి అటూఇటూగా వస్తుంది. ప్రింట్ తీస్తే కనుబొమ్మల వెంట్రుకలు కూడా కనపడతాయి.

మరి హాల్‌టికెట్ల మీద ముఖాలు ఎందుకు పగిలిపోతున్నాయి? ఫోన్ కెమెరా తీసే ఫొటోలో 1.2 కోట్ల పిక్సెళ్లు ఉంటాయి, కొన్ని ఫోన్లలో ఇంకా ఎక్కువే. ఫారంలో ‘50 కేబీ మించకూడదు’ అని మాత్రమే రాసి ఉంటే, పిల్లలు ఆ కోటి పైచిలుకు పిక్సెళ్లను సరిపడా తగ్గించకుండా క్వాలిటీని అడుగంటా దించేస్తారు. పెళ్లి భోజనం మొత్తం ఒక్క టిఫిన్ డబ్బాలో కుక్కినట్టు ఉంటుంది ఆ ఫైలు. జేపెగ్ పద్ధతి 1992 నాటిది. అది ఫొటోను 8 పిక్సెళ్లకు 8 పిక్సెళ్ల చదరపు గళ్లుగా విడదీసి, ప్రతి గడిలోనూ కంటికి పెద్దగా ఆనని తేడాలను వదిలేస్తుంది. క్వాలిటీ మరీ దించితే కంటికి ఆనే తేడాలు కూడా పోతాయి. అప్పుడు బుగ్గల మీద గళ్లు తేలతాయి, జుట్టు ఒక ముద్దలా అయిపోతుంది. పిక్సెళ్లు ముందు తగ్గించి, క్వాలిటీ జోలికి తర్వాత వెళ్లాలి. మా పనిలో ఇది మొదట నేర్చుకునే విషయం, దరఖాస్తు నింపే డిగ్రీ అమ్మాయికి ఎవరు చెబుతారు?

పైగా అది ఒక్కసారితో ఆగదు. స్టూడియో నుంచి ఫొటో వాట్సాప్‌లో వెళ్తుంది, అక్కడ ఒకసారి కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే అలా జరగదు, కానీ అలా పంపేవాళ్లు తక్కువ. తర్వాత ఏదో వెబ్‌సైట్‌లో ఇంకోసారి, చివరికి పోర్టల్‌లో మరోసారి. జేపెగ్‌ను మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు.

ఇంతా అయ్యాక హాల్‌టికెట్ ప్రింట్ తీసేది జిరాక్స్ షాపులోని నలుపు తెలుపు లేజర్ ప్రింటర్ మీద. ఆ ప్రింటర్‌కు బూడిద రంగు వేయడం రాదు. నల్ల చుక్కలను దగ్గరగా, దూరంగా వేసి బూడిద రంగులా కనిపించేట్టు చేస్తుంది. నీడ పడిన చోట చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చామనఛాయ ముఖం, పక్క నుంచి వెలుతురు, పైన గళ్లు పడిన జేపెగ్, మూడూ కలిస్తే కళ్లూ ముక్కూ ఉండాల్సిన చోట నల్లమచ్చ మిగులుతుంది. తెల్లగా ఉన్నవాళ్లకు ఈ బాధ కాస్త తక్కువ. మన రాష్ట్రంలో అందరూ అంత తెల్లగా ఉండరు కదా! హాల్‌టికెట్ మీద ఫొటో సరిగా లేకపోతే గెజిటెడ్ అధికారి సంతకం చేసిన ఫొటోలు తెచ్చుకోమని చాలా పరీక్షల సూచనల్లో ఉంటుంది. ఆ సంతకం కోసం తిరిగేది పల్లె నుంచి వచ్చిన అభ్యర్థే.

సంతకం ఫైలు సంగతి ఇంకా విచిత్రం. బ్యాంకు పరీక్షల ఫారాల్లో తరచూ కనిపించే కొలత 140 పిక్సెళ్ల వెడల్పు, 60 పిక్సెళ్ల ఎత్తు, సైజు 10 నుంచి 20 కేబీ మధ్య. లెక్క వేయండి. 140ని 60తో గుణిస్తే 8,400 పిక్సెళ్లు. నలుపు తెలుపు షేడ్లలో అసలు ఏమాత్రం కుదించకుండా దాచినా 8.4 కేబీ. అంటే కనీస హద్దు 10 కేబీని కూడా అందుకోదు! శుభ్రంగా, చిన్నగా ఉన్న ఫైలును ‘సైజు సరిపోలేదు’ అని తిప్పికొడితే, దాన్ని కావాలని లావు చేసి ఇవ్వాలి. ఆ పరీక్షలు మీ పరిధిలో లేవని తెలుసు. కానీ కేబీ లెక్కన ఫొటో అడిగే అలవాటు మన ఫారాల్లోనూ ఉంది.

డీపీఐ గోల కూడా అంతే. ‘200 డీపీఐ ఉండాలి’ అని రాస్తారు. అది ఫైలు మొదట్లో రాసిపెట్టే ఒక అంకె మాత్రమే. ఆ అంకెను 72 నుంచి 300కి మార్చితే ఫొటోలో ఒక్క పిక్సెల్ కూడా పెరగదు.

ఇప్పుడు నన్ను నిజంగా భయపెట్టే విషయానికి వస్తాను. ‘ఫొటో 20 కేబీ’ అని వెతికితే ఫోన్‌లో డజన్ల కొద్దీ ఉచిత వెబ్‌సైట్లు వస్తాయి. కొన్ని మంచివే. గూగుల్ వాళ్ల స్క్వూష్ లాంటివి ఫొటోను బయటికి పంపకుండా బ్రౌజర్‌లోనే కుదిస్తాయి. మిగతావాటిలో చాలావరకు ఎవరు నడుపుతున్నారో, మన ఫైలు ఎక్కడ దాస్తున్నారో మామూలు మనిషికి తెలిసే దారి లేదు. మన పిల్లలు ముఖం ఫొటో, సంతకం, ఆధార్ కాపీ, కుల ధ్రువపత్రం అన్నీ వరసగా అక్కడే అప్‌లోడ్ చేస్తారు. ఒక మనిషి పేరు మీద మోసం చేయడానికి ఇంతకంటే ఏం కావాలి? 2023లో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణకు పార్లమెంటు చట్టమే చేసింది. ఒకవైపు ఆ చట్టం పెట్టుకుని, ఇంకోవైపు మన ఫారాలే జనాన్ని ఆ సైట్ల వైపు తోస్తున్నాయి.

ఈ పని పోర్టల్ చేసుకోవచ్చు. అభ్యర్థి ఫోన్‌లోని ఫొటోను ఉన్నది ఉన్నట్టు, 5 ఎంబీ అయినా సరే, ఎంచుకోనివ్వండి. ముఖం చుట్టూ 35, 45 నిష్పత్తిలో ఒక చట్రం చూపించి, అందులోకి సర్దుకోమనండి. ఆపైన 413, 531 పిక్సెళ్లకు తగ్గించి జేపెగ్‌గా మార్చే పని బ్రౌజర్‌లోనే అయిపోతుంది. ఈ సౌకర్యం బ్రౌజర్లకు వచ్చి పదేళ్లు దాటింది. అసలు ఫొటో ఫోన్ దాటదు, సర్వర్‌కు చేరేది చిన్న ఫైలే. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే ఊళ్లలో డేటా కూడా మిగులుతుంది. ఫొటోతో పాటు ఉండే లొకేషన్ లాంటి వివరాలు కూడా అప్పుడే తొలగిపోతాయి. ఐఫోన్లు 2017 నుంచి హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో ఫొటోలు దాస్తున్నాయి, దాన్ని కూడా తీసుకునేలా చూడాలి. సంతకానికి పీఎన్‌జీ అనే ఫార్మాట్ కూడా ఒప్పుకోండి. గీతల అంచుల దగ్గర జేపెగ్ మసక చేస్తుంది, పీఎన్‌జీ చేయదు. కనీస కేబీ హద్దు మాత్రం పూర్తిగా ఎత్తేయండి, దానివల్ల ఎవరికీ లాభం లేదు.

‘సబ్మిట్’ నొక్కే ముందు హాల్‌టికెట్ నమూనా నలుపు తెలుపులో, ప్రింట్ సైజులో కనిపించాలి. ముఖం చీకటిగా ఉంటే అభ్యర్థికి అక్కడే తెలుస్తుంది, ఇంకో ఫొటో పెట్టుకుంటారు. ఇప్పుడైతే ఆ సంగతి హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసుకున్న రోజున తెలుస్తోంది.

సర్వర్లలో చోటు చాలదని మీ అధికారులు అనవచ్చు. పది లక్షల మంది దరఖాస్తు చేసి, ఒక్కో ఫొటో 100 కేబీ ఉందనుకున్నా మొత్తం 100 జీబీ. అది 128 జీబీ మెమరీ కార్డులో పట్టేస్తుంది. ఒకప్పుడు డయల్ అప్ కనెక్షన్ల కాలంలో 20 కేబీ హద్దుకు అర్థం ఉండేది. మీ ప్రభుత్వమే 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. ఫోన్‌లో సర్టిఫికెట్ ఇవ్వగలిగిన రాష్ట్రానికి ఒక అప్‌లోడ్ పేజీ మార్చడం పెద్ద పని కాదు.

ఇలా చేస్తే కేబీలు తగ్గించే గిరాకీ మా లాంటి షాపులకు పోతుంది. పోనివ్వండి, ఫొటో దిగడానికి ఎలాగూ వస్తారు.

ముందుగా ఒక్క నియామక ఫారంలో ఈ మార్పు చేయించి, ఆ పరీక్షకు ఫొటో సరిగా లేక ఎంతమంది గెజిటెడ్ అధికారి సంతకం చేసిన ఫొటోలు ఇవ్వాల్సి వచ్చిందో పాత పరీక్షల లెక్కతో పోల్చి చూపించమని మీ శాఖను ఆదేశించగలరు.

ఇట్లు,
ఒక ఫొటో స్టూడియో యజమాని,
తెనాలి