ఉన్న గేట్లకు గ్రీజు పెట్టండి: జలవనరుల మంత్రికి ఒక డెల్టా రైతు లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కృష్ణా పశ్చిమ డెల్టాలో శివారు భూములు సాగు చేసుకునే రైతును. మా కాలువ గురించి కూడా చెబుతాను గానీ, ఈ ఉత్తరం మా ఒక్క ఊరి కోసం రాస్తున్నది కాదు.

గోదావరి నీళ్లు రాయలసీమకు వెళ్లాలని నాకూ ఉంది. అందులో రెండో మాట లేదు. పోలవరం నుంచి రాయలసీమలోని బనకచర్లకు 200 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు) తరలించాలని, అందుకు 80 వేల కోట్ల రూపాయలు కావాలని ప్రభుత్వమే ప్రతిపాదన పెట్టింది. దాని మీద టీవీల్లో, సభల్లో బోలెడంత చర్చ జరిగింది. ఇప్పటికే కట్టుకున్న ఆనకట్టల గేట్లకు ఏటా ఎంత ఖర్చు పెడుతున్నారన్న చర్చ మాత్రం ఎక్కడా వినపడలేదు. గేటు కొట్టుకుపోయిన వారం రోజులు వినిపిస్తుంది, తర్వాత మళ్లీ మామూలే.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. అప్పటికి డ్యామ్ నిండుకుండలా ఉంది. ఆ ఒక్క ఖానా నుంచే 35 వేల క్యూసెక్కులు, అంటే సెకనుకు 35 వేల ఘనపుటడుగుల నీళ్లు పోయాయి. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. అంటే రోజుకు మూడు టీఎంసీలు, అదీ ఒక్క గేటు నుంచి. మిగతా గేట్ల మీద ఒత్తిడి తగ్గించడానికి వాటినీ ఎత్తక తప్పలేదు. అనంతపురం, కర్నూలు, కడప రైతులకు ఆ వారం రోజులు కంటి మీద కునుకు లేదు. తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ), దిగువ కాలువ (ఎల్లెల్సీ), కేసీ కెనాల్ కింద వేసిన పైరుకు ఇక నీళ్లుండవని చాలామంది ఆశ వదులుకున్నారు. పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు (గేటు పోయిన చోట అడ్డంగా దించే ఇనుప దిమ్మెలు) దించి ఆపిన ఇంజనీర్లకు, కార్మికులకు చేతులెత్తి దండం పెట్టాలి. ఆ పనికి ముందుండి దారి చూపించింది డ్యామ్ గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు. అదే ఏడాది సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు పడవలు వచ్చి గుద్దుకుని గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలు (కౌంటర్ వెయిట్లు) దెబ్బతింటే, మళ్లీ ఆయన్నే పిలిచారు. ఆయన ఏనాడో రిటైరైన పెద్దాయన. ఆయన విద్య మీద నాకున్న గౌరవం వేరు. కానీ ఎక్కడ గేటు పోయినా ఆ ఒక్క ఇంటికే ఫోన్ వెళుతోందంటే, ఆయన దగ్గర పని నేర్చుకున్న యువ ఇంజనీర్లు మీ శాఖలో ఎంతమంది ఉన్నారు? మెకానికల్ విభాగంలో ఖాళీలు ఎన్ని?

తుంగభద్ర పాతది, 1953లో పూర్తయింది, డెబ్భై ఏళ్ల గొలుసు తెగింది అని సరిపెట్టుకుందామంటే కుదరదు. పులిచింతలను 2013 డిసెంబరులో ప్రారంభించారు. ఎనిమిదేళ్లు నిండకముందే, 2021 ఆగస్టు 5న, 16వ గేటు ఊడి కొట్టుకుపోయింది. 45.77 టీఎంసీల జలాశయాన్ని దాదాపు ఖాళీ చేస్తే గానీ అక్కడ స్టాప్‌లాగ్‌లు దించలేకపోయారు. అవి మా డెల్టాకు రావాల్సిన నీళ్లు. గుండ్లకమ్మ 2008లో జాతికి అంకితమైన ప్రాజెక్టు. 2022 ఆగస్టు ఆఖర్లో ఒక గేటు పోయింది. సరే, ఒకసారి పోయింది, అన్నీ చూసుకుని ఉంటారనుకుంటే 2023 డిసెంబరులో, మిచౌంగ్ తుపాను వెళ్లిన రోజుల్లోనే, ఇంకో గేటు పోయింది. ఒంగోలుకు తాగునీరు, 80 వేల ఎకరాలకు సాగునీరు ఇవ్వాల్సిన ప్రాజెక్టది. ఎనిమిదేళ్ల గేటూ పోయింది, పదిహేనేళ్ల గేటూ పోయింది, డెబ్భై ఏళ్ల గేటూ పోయింది. కాబట్టి ఇది వయసుకు సంబంధించిన జబ్బు కాదు. రంగు వేయకపోవడం, గేటు ఎత్తే రోప్‌కు గ్రీజు పెట్టకపోవడం, రబ్బర్ సీళ్లు మార్చకపోవడం, తుప్పు పట్టిన చోట సకాలంలో ప్లేటు వేయకపోవడం. ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ కనపడనంత చిన్న పనులివి. వీటికి శంకుస్థాపన ఉండదు, శిలాఫలకం ఉండదు. అందుకే వెనకబడిపోతున్నాయని నా అభిప్రాయం.

నీళ్లు పోతే ఒక పంట పోతుంది. కట్ట పోతే మనుషులు పోతారు. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 2021 నవంబరు 19 తెల్లవారుజామున కొట్టుకుపోయింది. పైన పింఛా కట్ట ముందే తెగింది, ఆ నీళ్లన్నీ వచ్చి దీని మీద పడ్డాయి. వరద నీళ్లు బయటికి వదిలే స్పిల్‌వే తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ వరద వచ్చిన మాట నిజమే. కానీ ఉన్న ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని కేంద్ర మంత్రే రాజ్యసభలో చెప్పారు. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లలో జనం నిద్ర లేచే వేళకే ఇళ్లు, గొడ్లు, మనుషులు ఏట్లో కలిసిపోయారు. ఏళ్లు గడిచినా ఆ కట్ట తిరిగి లేవలేదు. పైనున్న చిన్న ప్రాజెక్టు తెగితే కింద ప్రాజెక్టు వాళ్లకు ఎన్ని నిమిషాల్లో తెలియాలి, కింద ఊళ్లలో సైరన్ ఎవరు మోగించాలి అన్నది కాగితం మీద రాసి పెట్టి, ఏడాదికోసారి జనంతో రిహార్సల్ చేయించి ఉంటే ఎంతమంది బతికేవారో!

ఇదంతా నేను కొత్తగా కనిపెట్టి అడుగుతున్నది కాదు. 2021లో పార్లమెంటు చేసిన డ్యామ్ భద్రత చట్టంలోనే ఉంది. ఆ చట్టం పరిధిలోకి వచ్చే ప్రతి డ్యామ్‌ను వానలకు ముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి తనిఖీ చేయాలి. నిర్వహణకు, మరమ్మతులకు విడిగా నిధులు కేటాయించాలి. చట్టం అమల్లోకి వచ్చిన ఐదేళ్లలోగా అత్యవసర కార్యాచరణ ప్రణాళిక సిద్ధం చేయాలి, సమగ్ర భద్రతా పరీక్ష కూడా చేయించాలి. చట్టం అమల్లోకి వచ్చింది 2021 డిసెంబరు 30న. ఐదేళ్లంటే 2026 డిసెంబరు. ఏ డ్యామ్‌కు ఈ పనులు పూర్తయ్యాయి, ఏ డ్యామ్‌కు మొదలే కాలేదు? ఆ పట్టిక ప్రజల ముందు పెట్టడానికి పైసా ఖర్చు కాదు.

ఇక మా కాలువ సంగతి. మా బ్రాంచి కాలువ మీద ఒక తూము ఉంది. స్క్రూ రాడ్డు తుప్పు పట్టి బిగుసుకుపోయింది, తిప్పే చక్రం ఎప్పుడో మాయమైంది. షట్టర్ కింద సగం పలకే మిగిలింది. నీళ్లు పైకెక్కాలంటే రైతులే తాటి దుంగలు అడ్డం పెట్టి, ఇసుక బస్తాలు వేసి, సందుల్లో గడ్డి కుక్కాలి. పైన వర్షం పడి కాలువ పొంగితే ఆ బస్తాలు తీసేదాకా పక్క చేలన్నీ మునుగుతాయి. ఎగువ ఊరి వాళ్లు రాత్రిపూట వచ్చి బస్తాలు తీసేస్తారు, మేం టార్చిలైట్లు వేసుకుని కాపలా కాస్తాం. వాళ్లు మాకు శత్రువులేమీ కాదు, బంధువులే. నాట్ల వేళ ఆ తూము దగ్గర మాత్రం మాటా మాటా పెరుగుతుంది.

మా చిన్నతనంలో ఆ తూముకు ఒక లస్కర్ ఉండేవాడు. ఏ తూము ఎన్ని అంగుళాలు ఎత్తాలో, ఏ బోదెకు ఏ రోజు వంతో ఆయన పుస్తకంలో ఉండేది, పుస్తకం కంటే ఎక్కువ ఆయన తలలో ఉండేది. పొద్దున్నే సైకిల్ మీద కాలువ గట్టు వెంబడి వచ్చి, ఎక్కడ గండి పడేలా ఉందో కళ్లతో చూసి, ఆ సాయంత్రానికి పార పట్టుకుని మట్టి వేసేవాడు. ఆయన రిటైరయ్యాక ఆ ఉద్యోగం భర్తీ కాలేదు. ఇప్పుడు మైళ్ల కొద్దీ కాలువకు ఒక్క మనిషి, అదీ ఔట్‌సోర్సింగ్, జీతం నెలనెలా వస్తుందో లేదో తెలియదు. అతన్ని తప్పుపట్టలేం.

ఏటా వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక, తూడు, గుర్రపుడెక్క తీయించాలి, షట్టర్లు బాగు చేయించాలి. ఏప్రిల్, మే రెండు నెలలూ ఎండిన కాలువ అందుకోసమే ఎదురు చూస్తుంది. అనుమతులు వచ్చేసరికి జూన్ వస్తుంది. పాత బిల్లులే రాలేదని కాంట్రాక్టర్లు టెండరు వేయరు. వేసినవాళ్లు నీళ్లు వదిలే ముందు రోజు పొక్లెయిన్ తెచ్చి, పైపైన గీకి, తీసిన మట్టి గట్టు మీదే పోసి వెళతారు. తొలి వానకి ఆ మట్టి మళ్లీ కాలువలోకే దిగుతుంది. మంత్రి గారూ, ఈ ఒక్క పద్ధతి మార్చండి. నిర్వహణ పనులకు అనుమతులు జనవరిలోనే ఇచ్చేయండి, డబ్బు మార్చికల్లా విడుదల చేయండి. అంతకంటే పెద్ద సంస్కరణ మాకేమీ అక్కర్లేదు.

డబ్బు ఎక్కడిదంటారేమో. నీటి తీరువా సంగతి మాట్లాడుకుందాం. మొదటి పంట మాగాణికి ఎకరాకు 200 రూపాయలని 1997లో పెట్టిన రేటు. తోటి రైతులు నన్ను తిట్టుకున్నా సరే చెబుతాను, ఆ రేటు కొంచెం పెంచినా ఇస్తాం. కాకపోతే ఒక షరతు. మా కాలువ కింద వసూలైన డబ్బు మా నీటి సంఘం ఖాతాలోనే పడాలి, మా తూముకే ఖర్చు పెట్టాలి. నీటి సంఘాల చట్టం వచ్చింది కూడా 1997లోనే. 2024 డిసెంబరులో ఎన్నికలు పెట్టారు, సంతోషం. అయితే అధ్యక్షుడి చేతిలో రబ్బరు స్టాంపు తప్ప రూపాయి లేకపోతే ఆ సంఘం ఏం చేస్తుంది?

పూడిక గురించి ఒక్క మాట. తుంగభద్ర కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 105. శ్రీశైలం 308 నుంచి 215కి దిగింది. రెండింట్లో కలిపి 120 టీఎంసీల చోటు మట్టిపాలైంది. బనకచర్లకు తెస్తామన్న దాంట్లో ఇది సగం కంటే ఎక్కువ. పేరుకున్న మట్టిని తోడిపోయడం మాటలు కాదని తెలుసు, దాన్ని అడగడం లేదు. ఇంకా రాకుండా పైనున్న కొండల్లో, వాగుల్లో చేయాల్సిన పనుల గురించి కర్ణాటకతో, తెలంగాణతో ఒక బల్ల దగ్గర కూర్చోండి. వాటాల గొడవ ట్రిబ్యునళ్లలో ఎలాగూ నడుస్తూనే ఉంది. మట్టి విషయంలో ముగ్గురి నష్టమూ ఒకటే కదా.

కృష్ణకు, పెన్నకు, వంశధారకు అన్నిటికీ మనం దిగువన ఉన్నాం. కరువొస్తే పైవాళ్లు వదిలాకే మనకు, వరదొస్తే పైవాళ్లు వదిలిందంతా మనకే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు చూశాం. బుడమేరు నీళ్లు మళ్లింపు కాలువ గుండా కృష్ణలోకి పోవాలి. కృష్ణే నిండి పోటెత్తుతుంటే అవి పోయే దారి లేక కట్టకు గండ్లు పడ్డాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. ఆ మళ్లింపు కాలువ కట్టను గట్టిపరచాలని అంతకుముందు ఎవరికీ తెలియక కాదు. ఏటా వాయిదా పడింది, అంతే.

ఈసారి కాలువలకు నీళ్లు వదిలేలోపు నేను అడుగుతున్నది ఒక్కటే. రాష్ట్రంలోని ప్రతి ఆనకట్టకు, ప్రతి బ్యారేజీకి వానలకు ముందు జరిగిన తనిఖీ నివేదికను తెలుగులో, తనిఖీ చేసిన ఇంజనీరు సంతకంతో, బయట పెట్టండి. ఏ గేటు పనిచేస్తోంది, ఏది పనిచేయడం లేదు, బాగు చేయడానికి ఎంత కావాలి, ఎంత ఇచ్చారు. ఈ నాలుగు ముక్కలు చాలు. ఆ కాగితం ప్రాజెక్టు ఆఫీసు గోడకు, నీటి సంఘం ఆఫీసు గోడకు అంటించండి. చదువుకుని, అందులో లేనిదేదైనా మా కంటికి కనపడితే మేమే వచ్చి చెబుతాం.

ఇట్లు,
కృష్ణా పశ్చిమ డెల్టా శివారు ఆయకట్టు రైతు