కల్వర్టుకు పెట్టిన పరీక్ష ఏఐకి ఎందుకు పెట్టరు? ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వరంగల్‌లో ఒక ఇంజినీరింగ్ ఆఫీసు టెండర్ సెక్షన్‌లో గుమస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ని. ఏఐ గురించి నాకు పెద్దగా తెలీదు. టెండర్ల గురించి తెలుసు. ప్రభుత్వం ఏఐని కొనేదీ టెండర్ పిలిచే కాబట్టి ఈ ఉత్తరం.

ఊళ్లో చిన్న కల్వర్టు కట్టినా కాంట్రాక్టర్ మాట నమ్మి బిల్లు పాస్ చేసేవాళ్లం కాదు. కాంక్రీటు పోసేటప్పుడే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ముందు 15 సెంటీమీటర్ల అచ్చుల్లో క్యూబులు పోసేవాళ్లు. తడి ఆరకముందే మేకుతో తేదీ గీకేవాళ్లు. 28 రోజులు నీళ్లలో ఉంచి ల్యాబ్‌కు పంపితే, ఎంత ఒత్తిడికి పగిలిందో కాగితం వచ్చేది. కొలతలు ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో ఎక్కాలి, కింద సంతకం పడాలి. అప్పటికీ బిల్లులో కొంత ఎఫ్‌ఎస్‌డీ (అదనపు సెక్యూరిటీ డిపాజిట్) కింద ఆపి, లోపాలొస్తే కాంట్రాక్టరే సరిచేయాల్సిన డిఫెక్ట్ లయబిలిటీ గడువు దాటాకే ఇచ్చేవాళ్లం. ఇంత చేసినా కూలిన కల్వర్టులు లేకపోలేదు. కానీ కూలితే ఎవర్ని పిలవాలో ఫైల్లో ఉండేది.

మరి ఎవరికి రేషన్ బియ్యం అందాలో తేల్చే సాఫ్ట్‌వేర్‌కు క్యూబ్ టెస్ట్ ఏది సార్?

మన దగ్గర సమగ్ర వేదిక అనే ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ ఉంది. రకరకాల శాఖల రికార్డుల్లో పేర్లు, అడ్రసులు పోల్చి, ఇవన్నీ ఒకే మనిషివని కలుపుతుంది. కంప్యూటర్ లెక్క చూసి తీసేసిన రేషన్ కార్డుల గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. దాదాపు 19 లక్షల కార్డుల మీద క్షేత్రస్థాయిలో మళ్లీ విచారణ చేయమని 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. మొదట జరగాల్సిన పని చివర్లో, అదీ కోర్టు చెప్తే జరిగింది.

మా వైపు పేర్లు చూడండి. కొమురవెల్లి మల్లన్న పేరున కొమురయ్యలు, ఐలోని మల్లన్న పేరున ఐలయ్యలు, మేడారం తల్లుల పేరున సమ్మయ్యలు, సారక్కలు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు ఐలయ్యలుంటారు. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఆధార్‌లో ఒకటి, పట్టా పాస్‌బుక్‌లో ఒకటి, బండి ఆర్సీలో ఇంకొకటి. కూలీల మస్టర్ (హాజరు పట్టీ) రాసేటప్పుడు తండ్రి పేరు కూడా కలిసిపోయి, 'చెరువుగట్టు ఐలయ్య', 'పొడుగు ఐలయ్య' అని పక్కన పెన్సిల్‌తో రాసుకునేవాళ్లం. ఈ పెన్సిల్ రాత మిషన్‌కు ఎవరు చెప్తారు? ఒక ఐలయ్య ట్రాక్టర్ కొంటే ఇంకో ఐలయ్యకు బియ్యం ఆగొద్దు కదా.

అందుకే టెండర్ షరతుల్లోనే రాయించండి. పైసా చెల్లించకముందు, పంచాయతీ కార్యదర్శి ఇల్లిల్లూ తిరిగి సరిచూసిన జాబితా మీద ఆ సాఫ్ట్‌వేర్‌ను నడిపించి చూడాలి. అర్హుల్ని కొట్టేసిన తప్పులు వేరుగా, అనర్హుల్ని వదిలేసిన తప్పులు వేరుగా లెక్కగట్టి బయట పెట్టాలి. మొదటి రకం తప్పుకు పెనాల్టీ గట్టిగా ఉండాలి. అక్కడ ఆగేది ఒకరి కంచంలో అన్నం. పేరు తీసేసే ముందు కారణం రాసి, అధికారి సంతకంతో తెలుగులో నోటీసు ఇంటికి రావాలి. ఇంత ముఖ్యమైన దాన్ని ఎల్-1 చూసి, తక్కువ కోట్ చేసినవాడికి అప్పజెప్పొద్దు.

ఇంకొకటి. ఆర్టీఐ చట్టం 8(1)(డి) వ్యాపార రహస్యాలకు రక్షణ ఇస్తుంది. అగ్రిమెంట్ అయ్యాక లోపల ఏముందని అడిగితే కంపెనీ ఆ సెక్షనే చూపిస్తుంది. సంతకానికి ముందైతే బేరం మన చేతిలో ఉంటుంది. లెక్క కట్టే పద్ధతి, టెస్ట్ రిపోర్టు, తప్పుల రికార్డు జనానికి చూపించడానికి ఒప్పుకున్నవాళ్లే బిడ్ వేయాలని అప్పుడే చెప్పొచ్చు. ఇలాంటివి వాడకముందే ప్రభావం అంచనా వేసి ప్రకటించాలని కెనడా 2019లోనే తమ శాఖలకు రూలు పెట్టింది.

తర్వాతి ఏఐ టెండర్‌కు బిడ్లు వేసే ముందు జరిగే ప్రీ-బిడ్ మీటింగ్‌కు కంపెనీల వాళ్లతో పాటు ఒక రేషన్ డీలర్‌ను, ఒక పంచాయతీ కార్యదర్శిని, కార్డు పోయి మళ్లీ వచ్చిన ఒక మనిషిని కూడా కూర్చోబెట్టండి. హైదరాబాద్‌లో కాకుండా హనుమకొండలో పెడితే నేనూ వస్తా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టెండర్ గుమస్తా,
హనుమకొండ