రిపోర్టులోని ఆ ఒక్క అంకె గురించి

తెనాలి,
ఆదివారం

చి. ల. సౌ. సుజాతకు నాన్న ఆశీస్సులు.

నీ రిపోర్టు ఫోటో నిన్న రాత్రి చూశాను. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను (వాపు, మంటను) చూపే హెచ్‌ఎస్ సీఆర్‌పీ అనే పరీక్ష 7.4 అని, దాని పక్కన ఎర్ర అక్షరాలతో ‘హై’ అని ఉండడం చూసి నువ్వు నెట్‌లో వెతికావనీ, అక్కడ గుండెపోటు, మధుమేహం, క్యాన్సర్, మతిమరుపు అన్నీ ఒకేచోట కనిపించాయనీ చెప్పావు. ఫోనులో నేను ‘ఏం ఫరవాలేదమ్మా’ అన్నాను గాని, ఆ మాట నీకు ఏ మాత్రం సరిపోలేదని నీ గొంతులోనే తెలిసింది. ముప్పై ఒక్క సంవత్సరాలు ల్యాబ్‌లో రక్త నమూనాల మధ్య గడిపినవాణ్ణి కాబట్టి, ఈ అంకె ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో నిదానంగా రాస్తున్నాను. మీ నాయనమ్మ సంగతి కూడా ఇందులో వస్తుంది. అది నీకు ఇంతవరకు పూర్తిగా చెప్పలేదు.

ముందు ఈఎస్‌ఆర్ నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే నా చేతికి బాగా అలవాటైన పరీక్ష అదే. నాలుగు పాళ్ళ రక్తానికి గడ్డకట్టకుండా ఒక పాలు సోడియం సిట్రేట్ కలిపి, సన్నని పొడవాటి గాజుగొట్టంలోకి సున్నా గీత దాకా లాగి, స్టాండులో నిటారుగా నిలబెట్టి, సరిగ్గా ఒక గంట తరువాత ఎర్ర కణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూసి రాసేవాళ్ళం. స్వీడన్ వైద్యుడు వెస్టర్‌గ్రెన్ 1921లో స్థిరపరచిన పద్ధతి అది, ఆ గొట్టానికి ఆయన పేరే ఉంది. ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు కాలేయం ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది, అప్పుడు ఎర్ర కణాలు నాణేలు పేర్చినట్టు ఒకదానికొకటి అంటుకొని బరువెక్కి త్వరగా దిగుతాయి. సూత్రం ఇంతే. అయితే గొట్టం కొద్దిగా వాలినా, గదిలో ఎండాకాలపు వేడి పెరిగినా, గర్భిణి అయినా, వయసు మళ్ళినా, రక్తహీనత ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. నీ ఈఎస్‌ఆర్ 38 ఉంది, హిమోగ్లోబిన్ 9.8 ఉంది. ఈ రెండింటినీ విడివిడిగా చూసి రెండు సార్లు భయపడవద్దు, ఎర్ర కణాలు తక్కువగా ఉన్న రక్తంలో అవి త్వరగానే దిగుతాయి. అదే రిపోర్టులో ఒంట్లోని ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ మామూలుగా ఉందని, ఇనుము లోటు లేదని మాత్రం నిర్ణయించుకోకు. ఫెరిటిన్ కూడా ఇన్‌ఫ్లమేషన్‌తో పెరిగేదే, కనుక జ్వరం వచ్చిన వారంలో అది లోటును కప్పిపెట్టగలదు.

ఇన్‌ఫ్లమేషన్ అన్న మాటను పత్రికల్లో వాపు అనీ, మంట అనీ రాస్తున్నారు, ఆయుర్వేదంలో శోథ అంటారు. గాయమైన వేలు ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి, సలపడం మనకు కంటికి కనిపించే రూపం. రక్తనాళాల గోడల్లోనూ, పొట్ట లోపలి కొవ్వులోనూ, చిగుళ్ళలోనూ నొప్పి లేకుండా ఏళ్ళ తరబడి సాగేది రెండో రూపం. నువ్వు చదివిన జబ్బుల జాబితా ఈ రెండోదానికి సంబంధించినది. నీకు పోయిన వారం వచ్చిన గొంతు ఇన్‌ఫెక్షన్ మొదటిదానికి చెందుతుంది. నీ 7.4లో ఏది ఎంత అన్నది ఆ కాగితం చెప్పదు.

సీఆర్‌పీని 1930లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు కనుగొన్నారు. న్యుమోనియా రోగుల రక్తంలో ఉన్న ఒక పదార్థం, ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవిలోని సి అనే అంశాన్ని పట్టుకుంటున్నదని గమనించి దానికి ఆ పేరు పెట్టారు. ఇన్‌ఫెక్షన్ గాని గాయం గాని తగిలిన కొన్ని గంటల్లో, ఇంటర్‌ల్యూకిన్ 6 అనే సంకేతం అందుకొని కాలేయం దాన్ని విడుదల చేస్తుంది, రెండు రోజులలో అది శిఖరానికి చేరుతుంది. కారణం తొలగిపోతే దాదాపు ప్రతి 19 గంటలకు సగం చొప్పున తగ్గిపోతుంది. రాత్రి వీధిలో కుక్క మొరిగితే ఎవరో వచ్చారని తెలుస్తుంది గాని, వచ్చింది దొంగో చుట్టమో తెలియదు కదా, సీఆర్‌పీ తీరూ అదే. దాన్ని చూసి క్యాన్సర్ ఉందని గాని లేదని గాని ఏ డాక్టరూ చెప్పలేడు.

మేము ఆ రోజుల్లో సీఆర్‌పీని నల్లటి పలక మీద చూసేవాళ్ళం. గడ్డకట్టిన రక్తం మీద తేలే సీరం ఒక చుక్క, ఒక చుక్క లేటెక్స్ ద్రావణం కలిపి, రెండు నిమిషాలు పలకను అటూ ఇటూ తిప్పితే, తెల్లని రవ్వలుగా విరిగిన నమూనా పాజిటివ్, విరగనిది నెగెటివ్. లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాములు దాటితే తప్ప ఆ రవ్వలు కనిపించేవి కావు. గుండె జబ్బు ముప్పును అంచనా వేయడానికి ఇప్పుడు వాడుతున్న మెట్లు చూడు: లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ముప్పు, 1 నుంచి 3 దాకా మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని 2003లో అమెరికా హృద్రోగ నిపుణులు సూచించారు. అంటే మేము నెగెటివ్ అని ముద్ర వేసి పంపిన కాగితాలలోనే ఈ కథంతా దాగి ఉంది, చూడగలిగే పరికరం మాకు లేదు. ‘హెచ్‌ఎస్’ (హై సెన్సిటివిటీ) అన్న రెండక్షరాలు ఈ పరీక్ష ఆ చిన్న అంకెలను కూడా కొలవగలదని చెప్పడానికే.

ఇక మీ నాయనమ్మ. ఆవిడకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతం ఉండేదని నీకు గుర్తుండే ఉంటుంది, పొద్దున లేవగానే గంటసేపు వేళ్ళు ముడుచుకునేవి కావు, నీకు జడ వేయడానికి ఆవిడ పడిన అవస్థ నేను చూశాను. ఆవిడ రక్తం నేనే తీసి, నేనే గొట్టం నిలబెట్టి, నేనే అంకె వేసేవాణ్ణి. 84, 91, 78, మళ్ళీ 90, ఇలా పదకొండేళ్ళ చిట్టా నా ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉంది. కీళ్ళవాతాన్ని అదుపులో పెట్టే మెథోట్రెక్సేట్ రాసి ఇస్తే రెండు నెలలు వాడి, నొప్పి కాస్త తగ్గగానే మానేసి, ఆ తరువాత మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కొని వేసుకునేది. ఆ అంకెలన్నీ వేళ్ళ కణుపుల గురించినవేనని నేను అనుకున్నాను. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారికి గుండె జబ్బు ముప్పు మిగతావారికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుందని ఆవిడ గుండెపోటుతో పోయిన తరువాతే చదివాను. బీపీ గాని కొలెస్ట్రాల్ గాని చూపించాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు, ల్యాబ్‌లో పనిచేసే కొడుక్కి కూడా రాలేదు.

రక్తనాళపు గోడలోకి కొలెస్ట్రాల్ చేరగానే, దాన్ని మింగడానికి తెల్ల కణాలు వస్తాయి, మింగి అక్కడే ఉబ్బి ఉండిపోతాయి, ఇంకా కొన్నింటిని పిలుస్తాయి. ఆ ముద్ద మీద ఉన్న పలుచని పొర ఒకనాడు చిట్లితే దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. కాబట్టి ఇన్‌ఫ్లమేషన్ ఇందులో భాగస్వామి అన్నది ఊహ కాదు. 2008లో వెలువడిన జూపిటర్ అనే పరిశోధనలో, చెడు కొలెస్ట్రాల్ మరీ ఎక్కువగా లేకపోయినా హెచ్‌ఎస్ సీఆర్‌పీ 2 గాని ఆపైన గాని ఉన్న 17,802 మందిలో సగం మందికి కొలెస్ట్రాల్ తగ్గించే రోసువాస్టాటిన్ ఇస్తే, గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనలు 44 శాతం తగ్గాయి. అయితే ఆ మందు చెడు కొలెస్ట్రాల్‌నూ సగానికి తగ్గించింది కనుక, మేలు ఏ దారిన వచ్చిందో దాన్నిబట్టి తేల్చలేము. 2017లో వచ్చిన కాంటోస్ పరిశోధన నాకు ఎక్కువ నచ్చింది. అందులో కొలెస్ట్రాల్‌ను ముట్టుకోకుండా ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే ఇంటర్‌ల్యూకిన్ 1 బీటా అనే సంకేతాన్ని మాత్రమే అడ్డుకునే కెనకినుమాబ్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. మధ్య మోతాదులో అది ఘటనలను 15 శాతం తగ్గించింది, కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లను పెంచింది, మొత్తం మీద మరణాలు తగ్గలేదు. మీ నాయనమ్మ వాడి మానేసిన మెథోట్రెక్సేట్‌నే కీళ్ళవాతం లేని గుండె రోగులకు తక్కువ మోతాదులో ఇచ్చి చూస్తే, 2019 నాటికి ప్రయోజనమేమీ లేదని తేలింది, సీఆర్‌పీ కూడా తగ్గలేదు. ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించడం అనేది ఒకే పని కాదు, ఏ దారిని మూశామన్నది ముఖ్యం.

ఇంకొక సంగతి. పుట్టుకతోనే సీఆర్‌పీ కాస్త ఎక్కువగా తయారయ్యే జన్యువులున్న వారిని పరిశీలిస్తే వారికి గుండెపోట్లు అదనంగా రాలేదు. గట్టిగా మొరిగే జాతి కుక్కను పెంచుకున్నంత మాత్రాన వీధిలో దొంగలు పెరగరు. అందుచేత ఆ అంకెను దించడమే పనిగా పెట్టుకోకు. నువ్వు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పసుపు సారం మాత్రలను పక్కన పెట్టు. కూరలో వేసే పసుపుతో ఎవరికీ ఏమీ కాదు గాని, మిరియాల సారం కలిపి గాఢంగా చేసిన ఆ మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్నవారున్నారు.

ఇప్పుడు చేయవలసినది చెబుతాను. గొంతు పూర్తిగా తగ్గి మూడు వారాలు గడిచాక, ఒంట్లో జలుబు, పంటినొప్పి, దెబ్బ ఏదీ లేని రోజు చూసుకొని హెచ్‌ఎస్ సీఆర్‌పీ మళ్ళీ చేయించు. దానికి పరగడుపున వెళ్ళవలసిన అవసరం లేదు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పు, వాటితోనూ అది పెరుగుతుంది. రెండోసారి కూడా 3 పైన ఉంటే, అప్పుడు బీపీ, మూడు నెలల చక్కెర సగటు, కొలెస్ట్రాల్, నాయనమ్మ చరిత్ర అన్నీ ఒక్కచోట పెట్టి డాక్టరుతో మాట్లాడాలి. నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటిందేమో టేపుతో చూసుకో, మన దేశపు ఆడవాళ్ళకు హద్దు అదే. పొట్ట లోపలి కొవ్వు ఊరికే కూర్చోదు, ఇంటర్‌ల్యూకిన్ 6ను తానూ విడుదల చేస్తుంది, నాకు షుగర్ ఉన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుపెట్టుకో. బ్రష్ చేసేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని సంక్రాంతికి వచ్చినప్పుడు అన్నావు. పళ్ళ డాక్టరు దగ్గరికి ఈ నెలలోనే వెళ్ళు. చిగుళ్ళ జబ్బు నయమైతే సీఆర్‌పీ కొంత దిగుతుంది, గుండెపోట్లు కూడా తగ్గుతాయని ఇంకా రుజువు కాలేదు గాని, పళ్ళు మాత్రం నిలుస్తాయి. అల్లుడుగారి సిగరెట్ల గురించి నేను చెబితే బాగుండదు, నువ్వే చెప్పు. ఉదయం వేళ వేళ్ళు బిగుసుకుపోవడం, కణుపులు ఉబ్బడం ఎప్పుడైనా కనిపిస్తే మాత్రం మూడు వారాలు ఆగవద్దు. నాయనమ్మ కాగితాలు నకళ్ళు తీయించి కొరియరులో పంపుతున్నాను, అవి తీసుకొని వెంటనే కీళ్ళ డాక్టరును కలువు.

రెండో రిపోర్టు వేరే ల్యాబ్‌లో ఇచ్చేటట్లయితే ఒక్క జాగ్రత్త. కొందరు సీఆర్‌పీని లీటరుకు, కొందరు డెసిలీటరుకు లెక్కగట్టి వేస్తారు, ఒకచోట 0.3 అని వచ్చినది మరొకచోట 3 అవుతుంది. ఫోటో తీసేటప్పుడు అంకె పక్కన ఉన్న యూనిట్ కూడా కనిపించేలా తీసి పంపు, క్రితంసారి నీ బొటనవేలు దానికి అడ్డొచ్చింది.

నాన్న