పెరటి కోళ్లకు ముందు పొడి గూడు, తర్వాతే మందు

సంపాదకులకు నమస్కారం.

పెరట్లో నాలుగు కోళ్లు పెంచడం నేర్చుకునేవారి కోసం మీరు వేసిన వ్యాసంలో మందుల పేర్లు బోలెడు ఉన్నాయి, గూడు గురించి మాత్రం మూడే ముక్కలు. లెక్క తిరగబడింది. టీకాలు తప్పవు, వాటి సంగతి చివర్లో చెప్తాను. మిగతా మందుల్లో చాలావాటి అవసరం తడిసిన గూటి వల్లే వస్తుంది. పైగా మేత విషయంలో ఒక పెద్ద పొరపాటు దొర్లింది.

ముందు గూడు. కోడి రెట్టలో మూడొంతులు నీరే. రోజు మొత్తంలో వేసే రెట్టలో దాదాపు సగం రాత్రిపూట, కోళ్లు ఎక్కి పడుకునే కర్ర కిందే పడుతుంది. అది తడిగా ఉండి కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. నిలబడి వాసన చూస్తే ఆ ఘాటు మనకు అందదు. తెల్లవారి తలుపు తీసీ తీయగానే గొంతుక్కూర్చుని, కోడి తల ఎత్తులో ముక్కు పెట్టి ఒకసారి పీల్చండి. కళ్లు చురుక్కుమంటే రాత్రంతా అవి ఆ గాలే పీల్చాయన్నమాట. కోళ్ల కళ్ల వెంట నీరు కారుతోందని, తుమ్ముతున్నాయని వెంటనే యాంటీబయాటిక్ కలిపేవాళ్లు ముందు ఈ పరీక్ష చేయాలి. గాలి బాగుచేశాక కూడా తగ్గకపోతే, అప్పుడు పశువైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

గాలి కోసం కోళ్లు పడుకున్నప్పుడు వాటి తలలకు పైన, ఎదురెదురు గోడల్లో జాలీ వదలాలి. కోడి మీదికి నేరుగా కొట్టే గాలి వేరు, తల మీదుగా దాటిపోయే గాలి వేరు. చలికి భయపడి గోనెపట్టాలతో సందులన్నీ మూసేయడం అందరూ చేసే తప్పే. ఒంటి నిండా ఈకలున్న పెద్ద కోడి, పొడిగా ఉంటే చలికి ఓర్చుకుంటుంది. తేమకు ఓర్చుకోలేదు.

నేల మీద ఊక గానీ రంపపు పొట్టు గానీ 4 నుంచి 6 అంగుళాల మందాన పరిచి, వారానికి రెండుసార్లు అడుగుదాకా తిరగేయాలి. ఒక గుప్పెడు తీసి గట్టిగా పిసికి వదిలితే విడిపోవాలి. ముద్దగా అలాగే ఉండిపోతే ఆ భాగం తీసేసి కొత్తది వేయాలి. మొత్తం మార్చే పని చాలాసార్లు ఉండదు, తడి ఎక్కువగా నీళ్ల పాత్ర చుట్టూనే ఉంటుంది. పాత్ర అంచు కోడి వీపు ఎత్తుకు వచ్చేలా ఇటుకల మీద పెడితే ఒలకడం, అందులోకి చెత్త గీరి పోయడం చాలావరకు తగ్గుతాయి.

కోడిపిల్లలకు, ముఖ్యంగా 3 నుంచి 6 వారాల వయసులో, రక్తపారుడు వచ్చేది ఈ తడిలోనే. రెట్టతో బయటపడిన రోగబీజాలకు అప్పటికప్పుడు రోగం అంటించే శక్తి ఉండదు. వెచ్చదనం, తేమ దొరికితే ఒకటి రెండు రోజుల్లో పక్వమవుతాయి. నేల పొడిగా ఉంటే ఆ పని సరిగా సాగదు. ఆంప్రోలియం అనే మందు నీళ్లలో కలిపి ఇస్తే తగ్గే మాట నిజమే. నేల అలాగే ఉంటే మళ్లీ తిరగబెట్టేదీ నిజమే.

స్థలం సంగతికొస్తే, కోడికి గూట్లో 4 చదరపు అడుగులు, బయట ఆవరణలో 8 నుంచి 10, పడుకునే కర్ర మీద 8 నుంచి 10 అంగుళాలు ఉండాలి. కర్ర ఎప్పుడూ గుడ్ల పెట్టె కంటే ఎత్తులో ఉండాలి. కోళ్లు నిద్రకు అన్నింటికన్నా ఎత్తయిన చోటే వెతుక్కుంటాయి. గుడ్ల పెట్టె ఎత్తుగా ఉంటే అందులోనే పడుకుని రెట్ట వేస్తాయి, పొద్దున గుడ్లన్నీ మురికి. నాలుగైదు పెట్టలకు 12 అంగుళాల పెట్టె ఒకటి చాలు. ఎన్ని పెట్టినా అన్నీ ఒకదాంట్లోకే దూరడానికి కొట్లాడుకుంటాయి, అది వేరే విషయం. ఇక పలచటి కోళ్ల వల కోడిని లోపల ఉంచగలదే తప్ప కుక్కను బయట ఆపలేదు. అర అంగుళం వెల్డెడ్ మెష్ వేయాలి.

ఇప్పుడు ఆ పొరపాటు. ‘అన్ని వయసుల కోళ్లకూ లేయర్ దాణా ఒక్కటే సరిపోతుంది’ అని రాశారు. సరిపోదు, హాని చేస్తుంది. లేయర్ దాణా అంటే గుడ్లు పెట్టే కోళ్ల మేత, అందులో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. ఎదిగే పిల్లకు 1 శాతం చాలు. మిగిలినదాన్ని బయటికి పంపలేక మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్ల చలాకీగానే తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఎవరూ గమనించరు. మొదటి 8 వారాలు 18 నుంచి 20 శాతం మాంసకృత్తులున్న స్టార్టర్ (పసిపిల్లల దాణా), ఆ తర్వాత గ్రోయర్ (ఎదిగే కోళ్ల దాణా), గుడ్లకు వచ్చే ముందు మాత్రమే లేయర్ దాణా. చిన్నా పెద్దా కలిసి తిరుగుతుంటే అన్నింటికీ గ్రోయర్ వేసి, ఆల్చిప్పల ముక్కలు వేరే గిన్నెలో పెట్టండి. ఒక్కో గుడ్డు పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం పోతుంది కాబట్టి పెట్ట వాటిని వెతుక్కుని తింటుంది. పిల్లలు పెద్దగా ముట్టవు. కందనకాయలో మేత నలగడానికి కావలసిన చిన్న రాళ్లు వేరు, ఆల్చిప్పలు వేరు. ఒకటి పెట్టి రెండోది మానేయకూడదు.

ఎండల్లో పెంకు పలచబడితే కాల్షియం తక్కువైందని ఇంకాస్త పొడి కలుపుతారు. అసలు కారణం రొప్పడం. కోడి నోరు తెరిచి రొప్పేకొద్దీ రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి, పెంకుకు కావలసిన కార్బొనేట్ తగ్గుతుంది. అప్పుడు పనికొచ్చేవి నీడ, చల్లటి నీళ్లు, పొద్దెక్కకముందే వేసే మేత.

బ్రూడర్‌లో, అంటే కోడిపిల్లలను బల్బు వేడితో పెంచే చోట, మొదటి వారం 35 డిగ్రీలు, ఆపై వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటర్ కన్నా పిల్లలే బాగా చెప్తాయి. బల్బు కింద గుట్టపడితే చలి, అంచులకు చేరి నోళ్లు తెరిస్తే వేడి.

చివరగా టీకా. కొక్కెర తెగులు (రాణిఖేత్) వచ్చాక నయం చేసే మందు లేదు, కాబట్టి పశువైద్యుడు చెప్పిన వయసుల్లో టీకా తప్పకుండా వేయించాలి. సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి, కలిపాక ఐసు మీద పెట్టుకుని రెండు గంటల్లోపు వాడేయాలి. నీళ్లలో ఇచ్చే టీకాను క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లలో కలిపితే అందులోని వైరస్ చచ్చిపోతుంది. టీకా వేశామన్న ధీమా మనకు మిగులుతుంది గానీ, కోడికి రక్షణ రాదు.

మిగతావి వేసినా వేయకపోయినా, లేయర్ దాణా గురించిన ఆ ఒక్క వాక్యానికి మాత్రం సవరణ వేయండి. వ్యాసం కత్తిరించి దాచుకున్నవాళ్లు ఉంటారు.

ఇట్లు,
పెరటి కోళ్ల పెంపకందారు