ఊపిరి అందించడం నేర్చిన నర్సులను కదపకండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మన్యంలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో పిల్లల డాక్టరుగా పనిచేస్తున్నాను. అప్పుడే పుట్టిన బిడ్డకు ఊపిరి అందించడంలో చేయి తిరిగిన స్టాఫ్ నర్సులను లేబర్ రూమ్ నుంచి, జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక వార్డు ఎస్‌ఎన్‌సీయూ నుంచి వేరే వార్డులకు మార్చకండి. ఈ ఒక్క విన్నపంతోనే మీకు రాస్తున్నాను.

పుట్టిన పిల్లల్లో నూటికి పదిమంది దాకా ఊపిరి అందుకోవడానికి ఏదో ఒక సాయం కావాలి. చాలామందికి ఒళ్లు తుడిచి, వీపు రుద్దితే చాలు. కొందరికి ముక్కు, నోటి మీద మాస్క్ పెట్టి, దానికి తగిలించిన గాలి బ్యాగ్ నొక్కాలి. అదీ మొదటి నిమిషంలోనే మొదలుకావాలి. కబురందుకుని నేను వార్డులోంచి వచ్చేసరికి ఆ నిమిషం దాటిపోతుంది. అందుకే ఆ బిడ్డ ప్రాణం సిస్టర్ చేతుల్లోనే ఉంటుంది. మాస్క్ పక్కలనుంచి గాలి పోకుండా పట్టుకుని, ఛాతీ లేస్తోందో లేదో చూస్తూ, నిమిషానికి 40 నుంచి 60 సార్లు నొక్కాలి. చూడ్డానికి తేలికే. చేతికి అలవాటు లేకపోతే మాత్రం ఛాతీ లేవదు.

మాస్క్‌తో కుదరకపోతే నోటి ద్వారా శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయాలి. కిలోలోపు బిడ్డకు 2.5 సైజు, రెండు కిలోల దాకా 3, ఆపైన 3.5. ముప్ఫై సెకన్లలో పడకపోతే ఆపేసి మళ్లీ మాస్క్ అందుకోవాలి. కిలోల్లో బిడ్డ బరువుకు ఆరు కలిపితే ట్యూబ్‌ను ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఆపాలో తెలుస్తుంది. అంటే కిలో బిడ్డకు పెదవి దగ్గర 7 గీత కనబడాలి. కాస్త లోపలికి పోయినా కుడి ఊపిరితిత్తికే గాలి వెళ్తుంది. ట్యూబ్ వేసేది నేనైనా, ప్లాస్టర్ అంటించేది, తల వంగకుండా చూసేది, రాత్రంతా ఆ గీత మీద కన్నేసి ఉంచేది నర్సే. మా దగ్గర ఒక సిస్టర్ ఉండేవారు. మానిటర్‌లో ఆక్సిజన్ అంకె పడకముందే, ‘సార్, ఎడమవైపు లేవడం లేదు’ అని చెప్పేవారు. ఇప్పుడు ఆమె ఓపీలో ఇంజెక్షన్లు వేస్తున్నారు. ఆ చూపు రావడానికి ఏళ్లు పట్టింది. ఆమెను అక్కడికి పంపడానికి ఒక్క కాగితం సరిపోయింది.

2009లో మొదలైన నవజాత శిశు సురక్షా కార్యక్రమం కింద మా నర్సులు శిక్షణ పొందారు. అయితే సాధన లేకపోతే కొన్ని నెలలకే ఆ నేర్పు తగ్గిపోతుంది. ప్రసవాలు జరిగే ప్రతి ఆసుపత్రిలో నెలకోసారి బొమ్మ మీద సాధన చేయించండి. డ్యూటీ మారినప్పుడల్లా, ట్యూబ్ వేసేటప్పుడు గొంతులోకి చూసే లారింగోస్కోప్ లైటు వెలుగుతోందా, బ్యాగ్ చిరగలేదా, నోట్లోని ద్రవాలు లాగే సక్షన్ పనిచేస్తోందా అని చూసి సంతకం పెట్టే పద్ధతి ఉండాలి. ట్యూబ్ వేయగలవారు లేని పీహెచ్‌సీలకు గొంతులో శ్వాసనాళం పైన కూర్చునే ఒకటో సైజు లారింజియల్ మాస్క్ ఇచ్చి, దాన్ని వాడటం నేర్పండి. రెండు కిలోలు దాటిన పిల్లలకు దాన్ని లారింగోస్కోప్ లేకుండానే పెట్టవచ్చు.

2020 జూలైలో ప్రారంభించిన 108 వాహనాల్లో 26 నవజాత శిశువుల కోసమే కేటాయించారు. ఎంతో సంతోషించాం. కానీ ఘాట్ రోడ్డు మలుపుల్లో ట్యూబ్ ఊడితే, వెంటనే మాస్క్ పెట్టి బ్యాగ్ నొక్కగలిగే మనిషి ఆ బండిలో ఉండాలి. ట్యూబ్ వేసిన బిడ్డను విశాఖకు పంపేటప్పుడు శిక్షణ పొందిన నర్సు వెంట వెళ్లేలా, ఆమె స్థానంలో వార్డులో మరొకరు ఉండేలా పోస్టులు మంజూరు చేయండి.

వచ్చే బదిలీల జీవోలోనే నవజాత శిశు విభాగం నర్సులకు మినహాయింపు ఇవ్వండి. వెళ్లక తప్పని పరిస్థితి వస్తే, వారి స్థానంలో వచ్చేవారు పని నేర్చుకునేదాకా రిలీవ్ చేయొద్దని ఆదేశించండి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పిల్లల డాక్టరు