తప్పులు కూడా అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మీ విద్యా పేజీలో, ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ళు వీడియోల వెంట పడకుండా ముందు ఒక మంచి పుస్తకం పట్టుకోవాలని రాశారు. మంచి మాటే. కాకపోతే పుస్తకం పట్టుకున్నాక ఏమవుతుందో రాయలేదు. అది నాకు బాగా తెలుసు కాబట్టి ఈ ఉత్తరం.

నేను బెంగళూరు మారతహళ్ళిలో ఆడపిల్లల పీజీ నడుపుతున్నాను. మాది ఒంగోలు వైపు. మా ఆయనా నేనూ ఇక్కడికి వచ్చి 14 ఏళ్ళయింది. 18 గదులు, 46 మంది పిల్లలు, ముప్పాతిక మంది మన తెలుగువాళ్ళే. ఉద్యోగాలు చేసేవాళ్ళు కొందరు, వెతుక్కునేవాళ్ళు కొందరు. నాకు 49 ఏళ్ళు. చదివింది ఇంటర్ సీఈసీ, తెలుగు మీడియం.

పీజీ ఖాళీ చేసేవాళ్ళు ఏదో ఒకటి వదిలేసి పోతారు. బకెట్లు, హ్యాంగర్లు, సగం వాడిన షాంపూ సీసాలు, ఒకసారైతే కొత్త దుప్పటి కూడా. అవన్నీ మెట్ల కింద గదిలో పడేస్తాం. మూడేళ్ళ కిందట అక్కడ సర్దుతుంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పే పుస్తకం ఒకటి బయటపడింది. మొదటి 38 పేజీల్లో పెన్సిల్ గీతలు, పక్కన చీమ తలకాయంత అక్షరాలతో నోట్సు. 39వ పేజీ నుంచి కొత్త పుస్తకమే. ఆ పిల్లకు ఎక్కడ ఓపిక అయిపోయిందో ఎవరినీ అడగక్కర్లేదు. తూకానికి వేసేదాన్నే, కానీ నాకు అప్పటికే ఒక తలనొప్పి ఉంది.

కరెంటు లెక్క. మా దగ్గర ప్రతి గదికీ సబ్ మీటరు ఉంది. నెలకు 60 యూనిట్లు అద్దెలోనే కలిసి ఉంటాయి. ఆపైన కాలిస్తే యూనిట్‌కు 9 రూపాయల చొప్పున ఆ గదిలోవాళ్ళు పంచుకోవాలి. ఒక గదిలో ఇద్దరు, ఒక గదిలో ముగ్గురు, నెల మధ్యలో ఒకరు దిగిపోవడం, ఇంకొకరు రావడం. నోటు పుస్తకం, క్యాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చుంటే ప్రతి నెలా ఒకటో తారీకు నాకు శివరాత్రి జాగారమే. ఈ లెక్కేదో కంప్యూటర్‌తో చేయించవచ్చు కదా అనిపించింది.

పై అంతస్తు పిల్ల ఒకామె తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చి, అందులో పైథాన్ ఎక్కించి, "ఐడిల్ అని ఉంటుంది ఆంటీ, అది తెరిచి టైప్ చేయడమే" అని ఆఫీసుకు వెళ్ళిపోయింది. మధ్యాహ్నం వంటగది కడిగించాక 3 నుంచి 5 దాకా నాకు కాస్త తీరిక. కూర్చున్నాను.

మొదటి పాఠం ఏ పుస్తకంలోనైనా ఒకటే. ప్రింట్ అని రాసి, పక్కన కోట్స్ మధ్య ఒక పలకరింపు రాస్తే కంప్యూటర్ అదే తిరిగి పలకాలి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పొల్లుపోకుండా కొట్టాను. ఎర్రటి అక్షరాలు వచ్చాయి. చెరిపి మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఎర్రగానే. ఇలా నాలుగు రోజులు. తప్పు నాదేననుకున్నాను తప్ప పుస్తకంలో ఏదో ఉందన్న అనుమానమే రాలేదు. అచ్చులో ఉంటే అది నిజమేనని నమ్మే తరం మాది.

ఆ ఎర్ర అక్షరాల్లో "మిస్సింగ్ పేరెంథెసీస్" అని ఉంది. మిస్సింగ్ తెలుసు, రెండోది తెలియదు. నిఘంటువు తీస్తే "కుండలీకరణములు" అని కనిపించింది. ఉన్న కాస్త ధైర్యం కూడా దాంతో పోయింది. ఐదో రోజు ఆ పిల్లనే పిలిచి చూపిస్తే ఒక్క చూపు చూసి, "బ్రాకెట్లు ఆంటీ, బ్రాకెట్లు పెట్టాలి!" అంది. బ్రాకెట్లు! బడిలో లెక్కల్లో ఎన్ని పెట్టి ఉంటాను! ఆ ఎర్ర వాక్యం మొదటి రోజు నుంచీ అదే చెబుతోంది, పైగా ఇలా రాద్దామనుకున్నారా అని మర్యాదగా అడుగుతోంది కూడా. నాకు అర్థం కాలేదంతే.

తర్వాత తెలిసింది, ఆ పుస్తకం 2012లో అచ్చయింది, రాసింది పైథాన్ 2 కోసం. 2008 డిసెంబరులోనే పైథాన్ 3 వచ్చింది. అందులో ప్రింట్ పక్కన బ్రాకెట్లు ఉండి తీరాలి. కొన్నాళ్ళు రెండూ నడిచాయి, 2020 జనవరి 1తో పాతదానికి నీళ్ళొదిలారు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది కొత్తది. పుస్తకం అట్ట మీద మాత్రం పైథాన్ అన్న ఒక్క మాటా, చుట్టలు చుట్టుకున్న కొండచిలువ బొమ్మా. నిజానికి దీన్ని తయారుచేసిన గీడో వాన్ రాసమ్ గారు ఆ పేరు పెట్టింది పామును చూసి కాదట, మాంటీ పైథాన్ అనే బీబీసీ హాస్య కార్యక్రమం మీది ఇష్టంతోనట. ఆ పాము బొమ్మ వేసిన చోటే ఏ వెర్షన్‌కు రాసిన పుస్తకమో ఒక అంకె వేసి ఉంటే నాకు నాలుగు మధ్యాహ్నాలు మిగిలేవి. పచ్చడి ప్యాకెట్ మీద కూడా తేదీ వేస్తున్నారు కదా ఈ రోజుల్లో.

సరే, బ్రాకెట్లు పెట్టడం నేర్చుకున్నాను. తర్వాతి పాఠంలో కంప్యూటర్ మనల్ని ఒక అంకె అడగడం, మనం కొట్టడం, అది కూడి చెప్పడం. నేను పుస్తకంలో ఉన్న అంకెలు వదిలేసి నా లెక్కే పెట్టాను. అద్దె ఎంత అని అడిగింది, 6500 కొట్టాను. కరెంటు ఎంత అంది, 300 కొట్టాను. మొత్తం 6500300 అని చూపించింది. వేలితో లెక్కపెట్టుకున్నాను. అరవై ఐదు లక్షల మూడు వందలు! ముగ్గురుండే గదిలో ఒక మంచానికి!

ఈసారి ఎర్ర అక్షరాలు కూడా లేవు. దాని దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. ఇదీ పాత పుస్తకం పుణ్యమే. పైథాన్ 2లో "ఇన్‌పుట్" అని అడిగితే మనం కొట్టిన 6500ను అంకెగానే తీసుకునేది. పైథాన్ 3లో ఏం కొట్టినా అక్షరాలుగానే తీసుకుంటుంది. అంకె కావాలంటే "ఇంట్" అని రాసి, బ్రాకెట్లలో పెట్టి మార్చుకోవాలి. ఈ అక్షరాలేమిటో అంకెలేమిటో నాకు రెండు రోజులు మింగుడు పడలేదు. గది తలుపులకు నంబర్లు అంటిస్తుంటే తట్టింది. తలుపు మీద 1 అంటించి పక్కన 8 అంటిస్తే 18వ గది అవుతుంది, 9వ గది కాదు. తలుపు మీద ఉన్నది అంటించే అంకె. జేబులో నుంచి తీసి ఇచ్చేది కూడే అంకె. కంప్యూటర్ నా అద్దెనూ కరెంటునూ పక్కపక్కన అంటించింది, అంతే.

18వ గది పేరు ఎత్తాను కాబట్టి దాని కథ కూడా చెప్పాలి. 39వ పేజీ దాటాక లూపులు వస్తాయి. పుస్తకం వదిలేసిన పిల్ల ఆగిపోయింది అక్కడే. ఒకే పనిని గది తర్వాత గదికి చేయించాలంటే లూపు కావాలి. "రేంజ్" అని రాసి బ్రాకెట్లలో 1, 18 అని పెట్టాను. ఒకటి నుంచి పద్దెనిమిది దాకా అని నా ఉద్దేశం. టకటకా బిల్లులు వచ్చాయి. మా ఆయనను పిలిచి చూపించాను. ఆ ఒకటో తారీకున 9 గంటలకే పడుకున్నాను.

పైథాన్ రేంజ్‌కు "దాకా" అంటే మన దాకా కాదు. అది గడప దాకా వచ్చి లోపలికి రాని చుట్టం. 18 అంటే 17తో ఆగిపోతుంది. 18వ గది కూడా కావాలంటే 19 అని రాయాలి. ఎర్ర అక్షరాలు లేవు, లక్షలు లేవు, ఏమీ లేదు. ఒక గది బిల్లు నిశ్శబ్దంగా ఎగిరిపోయింది. మూడు నెలలు అలాగే పోయింది. చిన్న బల్బు మాడితే పరుగెత్తుకొచ్చే 18వ గది పిల్లలు ఈ విషయంలో మాత్రం నోరెత్తలేదు. గదుల మొత్తాన్ని మెయిన్ మీటరు బిల్లు పక్కన పెట్టి చూస్తే అప్పుడు బయటపడింది. 213 యూనిట్లు, 1,917 రూపాయలు.

నా ఫిర్యాదు ఇదే. ఆ పుస్తకంలో ఉన్నవన్నీ నడిచే ప్రోగ్రాములే. నడవని ప్రోగ్రాము ఒక్కటీ లేదు. కొత్తగా నేర్చుకునేవాడు బతికేదేమో నడవని ప్రోగ్రాములతోనే. వంట పుస్తకాల్లో కూడా ఇంతే, ఉప్పు ఎక్కువైతే ఏం చేయాలో ఎవరూ రాయరు. వంటలో అయితే పక్కన అమ్మో అత్తో ఉంటుంది. మధ్యాహ్నం 3 గంటలకు, పీజీ అంతా ఖాళీగా ఉన్నప్పుడు, ఎర్ర అక్షరాల ముందు కూర్చున్న మనిషికి ఎవరున్నారు?

ఎర్రర్‌ను కింద నుంచి పైకి చదవాలని నాకు ఎవరూ చెప్పలేదు. పెద్ద వాక్యాలన్నీ చూసి కంగారుపడేదాన్ని. అసలు సంగతి చివరి వాక్యంలో ఉంటుంది. దానికి పైన ఏ లైన్లో జరిగిందో ఉంటుంది. ఆ రెండూ చదివితే చాలు, మిగతాది తర్వాత చూసుకోవచ్చు. ఈ ఒక్క ముక్క మొదటి పేజీలో ఉండాల్సింది. ఇంకొకటి, మా పుస్తకంలో అచ్చు ఎలా ఉందంటే ఒకటి అంకెకూ ఇంగ్లిష్ ఎల్ అక్షరానికీ తేడా కనపడదు. కళ్ళజోడు మార్చినా కనపడదు.

తప్పును దాచడం పెద్దవాళ్ళ పద్ధతి కాదు. ప్రోగ్రాములో తప్పును బగ్ అంటారు కదా. 1947లో అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ళ మార్క్ 2 అనే కంప్యూటర్ మొరాయిస్తే లోపల రెక్కల పురుగు ఒకటి ఇరుక్కుని కనిపించింది. బగ్ అన్న మాట అంతకు ముందు నుంచే ఉంది. వాళ్ళు ఆ పురుగును పారేయకుండా పని రాసుకునే పుస్తకంలో టేపు వేసి అంటించారు, పక్కన సంగతి రాశారు. ఆ పేజీ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మేమైతే బియ్యంలో పురుగు కనపడితే పిల్లలు చూడకముందే ఏరేస్తాం, అది వేరే సంగతి.

మా పీజీలో ఉండే ఒక పిల్ల ఇక్కడే ఒక కోచింగ్ సెంటర్‌లో 40 వేలు కట్టింది. వాళ్ళిచ్చిన జిరాక్స్ నోట్సు నిండా నడిచే ప్రోగ్రాములే. అన్నీ కంఠతా పట్టింది. ఇంటర్వ్యూలో ఎనిమిది లైన్ల ప్రోగ్రాము చూపించి ఇందులో తప్పెక్కడుందో చెప్పమన్నారట. సాయంత్రం వచ్చి భోజనానికి దిగలేదు.

"ఇప్పుడివన్నీ ఏఐ రాసిచ్చేస్తుంది కదా ఆంటీ" అని అంటారు పిల్లలు. నేనూ అడిగి చూశాను. ఇచ్చింది, తప్పు కూడా లేదు, నాకు మాత్రం సగం అర్థం కాలేదు. 7వ గది అమ్మాయి మెట్లు దిగి వచ్చి "నాకు 138 ఎలా వచ్చింది?" అని నిలబడితే, కంప్యూటర్ చెప్పింది అంటే ఊరుకుంటుందా? 106 యూనిట్లు కాల్చారు, 60 తీసేస్తే 46, తొమ్మిది చొప్పున 414, ముగ్గురికి తలా 138. నా ప్రోగ్రాములో ఉన్నది ఈ నాలుగు ముక్కలే, అదే వరసలో. అందుకే గడగడా చెప్పగలను.

కొత్త పైథాన్‌లో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది, అది ఏ పుస్తకంలోనూ చూడలేదు, ఊరికే చేసి చూస్తే తెలిసింది. అంకెలు దాచుకునే పేర్లను తెలుగులోనే పెట్టుకోవచ్చు. "రెంట్" బదులు అద్దె, "టోటల్" బదులు మొత్తం అని తెలుగు అక్షరాలతో రాస్తే కిక్కురుమనకుండా ఒప్పుకుంది. పిల్లలు వద్దంటారు, ఆఫీసుల్లో పక్కవాళ్ళు చదవాలి కదా అని. నా ప్రోగ్రాము చదివే పక్కవాళ్ళు మా ఆయన ఒక్కరే. అయితే అద్దె అన్న మాటలో ఎన్ని అక్షరాలని దాన్నే అడిగితే 5 అంది. మనకు రెండు. అది ఒత్తునూ గుణింతాన్నీ విడదీసి లెక్కపెడుతుందని తర్వాత అర్థమైంది.

ఇక మనవి. మీ పదకేళి పక్కన అరచేతంత చోటు ఇవ్వండి. వారానికి ఒక ప్రోగ్రాము, పది లైన్లు మించకుండా. అందులో కావాలని ఒక తప్పు పెట్టండి. కంప్యూటర్ చూపించే ఎర్ర వాక్యాన్ని తెలుగు అక్షరాల్లో, దాని అర్థాన్ని కుండలీకరణముల జోలికి పోకుండా మామూలు తెలుగులో వేయండి. పదకేళికి వేసినట్టే జవాబు వచ్చే వారం. ఏ వెర్షన్ కోసమో మరవకుండా పైన వేయండి. మీ పత్రికలో అచ్చుతప్పులు ఎలాగూ దొర్లుతుంటాయి, ఒక్కటి మాత్రం తెలిసి వేసినట్టు ఉంటుంది. మొదటి వారానికి నా 65,00,300 వాడుకోండి, అభ్యంతరం లేదు.

రేంజ్ తప్పు వేస్తే మాత్రం గది నంబరు మార్చండి. 18వ గదిలో ఇద్దరు వాళ్ళ వాటా కట్టేశారు. మూడో ఆమె దగ్గర ఇంకా 639 రూపాయలు రావాలి. ఆమె మీ పత్రిక చదవదు కానీ వాళ్ళ నాన్నగారు చదువుతారు.

ఇట్లు,
ఒక పీజీ ఆంటీ,
మారతహళ్ళి, బెంగళూరు